వీధి పైపు నుంచి ఇంటి దాకా: వారంటీ ప్లానా, ఇన్సూరెన్స్ ఎండార్స్‌మెంటా?

అమెరికాలో చాలా ఊళ్లలో వీధిలోని పెద్ద పైపు (మెయిన్) నుంచి ఇంటికొచ్చే నీటి, మురుగు పైపుల బాధ్యత ఓనరుదే. చెట్ల వేళ్లు, తుప్పు పాడుచేస్తే మామూలు హోమ్ ఇన్సూరెన్స్ సాధారణంగా డబ్బు ఇవ్వదు. అందుకు రెండు దారులు: నెలనెలా డబ్బు కట్టే రిపేరు ఒప్పందం (వారంటీ ప్లాన్), లేదా మీ హోమ్ ఇన్సూరెన్స్‌కే అదనంగా చేర్చుకునే కవరేజీ (ఎండార్స్‌మెంట్).

ఖర్చు: వారంటీకి ఒక్కో లైనుకు నెలకు సుమారు 5–15 డాలర్లు. ఎండార్స్‌మెంట్ అన్ని లైన్లకూ కలిపి తరచు ఏడాదికి 50 డాలర్ల లోపే.

డిడక్టబుల్ (రిపేరు ఖర్చులో ముందుగా మీరు కట్టాల్సిన భాగం): వారంటీలో తరచు ఉండదు. ఎండార్స్‌మెంట్‌లో 500 మామూలు, కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం చాలావాటిలో 10,000.

శ్రమ: వారంటీవాళ్లే ప్లంబర్ని పంపుతారు. రెండోదానిలో చాలాసార్లు మీరే వెతుక్కోవాలి.

రిస్క్: వారంటీలో సాధారణంగా మొదటి 30 రోజులు కవరేజీ లేదు, పాత పగులుకు అసలే లేదు. తవ్విన డ్రైవ్‌వే మళ్లీ వేయించే ఖర్చెవరిదో తప్పక చదవండి. అసలు దెబ్బ అక్కడే. సిటీ ఉత్తరంలా కనిపించే ప్రకటనలను నమ్మి సంతకం చేయకండి.

ఎక్కువమందికి ఎండార్స్‌మెంటే మేలు. మీ ఇన్సూరెన్స్ కంపెనీ అది ఇవ్వకపోతే, లేదా 500 ఒక్కసారిగా తీయడం కష్టమైతే వారంటీ.