అమ్మ మోకాళ్లతో ఈజిప్టు

ఈజిప్టు వెళ్లొచ్చామని తెలియగానే అందరూ పిరమిడ్ల గురించే అడుగుతున్నారు. మా ప్లానంతా నడిచింది మాత్రం అమ్మ మోకాళ్ల మీద. ఆవిడకి 68 ఏళ్లు. సింహాచలం మెట్లెక్కడం మానేసి నాలుగేళ్లయింది, కొండ మీదికి బస్సులోనే వెళ్తుంది. "మీరిద్దరే ఎల్లిపోతారేటి?" అని ఒక్క మాట అన్నాక ఇంక ఆలోచించడానికి ఏం లేదు. ఏ గుడికి ఎన్ని మెట్లు, ఏ సమాధిలోకి ఎంత వాలు, బండి ఎక్కడిదాకా వస్తుంది... రెండు నెలలు ఇదే చదివాను. మోకాళ్లు బాగున్నవాళ్లు కూడా మొదటిసారి ఇలాగే ప్లాన్ వేసుకుంటే మంచిదని ఇప్పుడనిపిస్తోంది.

ఎందుకంటే ఊళ్లో ఒక ట్రావెల్స్ వాళ్లు మొదట ఇచ్చిన ప్లాన్‌లో ఆరు రోజుల్లో కైరో, అలెగ్జాండ్రియా, లక్సర్, అస్వాన్, పైగా ఎర్రసముద్రం ఒడ్డున బీచ్ రిసార్టు. విశాఖ నుంచి బీచ్ చూడ్డానికి ఈజిప్టు వెళ్లాలా? అది కొట్టేశాం, అలెగ్జాండ్రియా కూడా. చివరికి తొమ్మిది రాత్రులు తేలాయి: కైరోలో నాలుగు, అస్వాన్‌లో ఒకటి, నైలు మీద ఓడలో మూడు, లక్సర్‌లో ఒకటి. నేరు విమానం లేదు కాబట్టి ముంబై మీదుగా వెళ్లాం. సంక్రాంతి సెలవులు కలిసొచ్చాయి. వేసవిలో లక్సర్, అస్వాన్ వైపు ఎండ 40 డిగ్రీలు దాటిపోతుంది, వెళ్తే అక్టోబరు నుంచి మార్చి లోపే. జనవరి రాత్రుల్లో చలి గట్టిగానే ఉంది. లంబసింగి కోసం ఎప్పుడో కొన్న స్వెటర్లు మళ్లీ పనికొచ్చాయి.

బస విషయంలో నేను చేసిన పెద్ద తప్పు కైరో పక్కనే, పిరమిడ్లున్న గీజాలో. "పిరమిడ్ వ్యూ" అని రాసుంది చూసి ఎక్కువ డబ్బు కట్టి రెండు రాత్రులు బుక్ చేశాను. తీరా చూస్తే గది కిటికీ వెనక సందులోకి తెరుచుకుంది. అక్కడ నాలుగు గుర్రాలు, గడ్డి మోపు, వాటి వాసన. అడిగితే "వ్యూ టెర్రస్ మీద ఉంది సార్" అన్నాడు రిసెప్షన్ కుర్రాడు. టెర్రస్ మీద నిజంగానే ఉంది, కాదనను. పొద్దున్నే టీ తాగుతూ మంచులోంచి ఖుఫ్రు... కాదు, ఖుఫు రాజు పెద్ద పిరమిడ్ మెల్లగా బయటపడటం చూశాం. (ఆ పేరు అమ్మ ఇప్పటికీ ఖుఫ్రు అనే అంటుంది, నాకూ అంటుకుంది.) కానీ ఆ టెర్రస్ కోసం ఒక్క రాత్రి చాలు. వీధిలో రాత్రంతా గిట్టల చప్పుడు, ఆటోల హారన్లు. అవి కూడా మన బజాజ్ ఆటోలే! మిగతా రెండు రాత్రులు ఊరి మధ్యలో నైలుకి దగ్గర ఒక పాత భవనంలో ఉన్నాం. తక్కువ ధర, గట్టి లిఫ్టు, కింద బేకరీ. ఊబర్ దొరుకుతుంది కాబట్టి ఎక్కడున్నా ఇబ్బంది లేదు.

గీజా టికెట్ కౌంటర్ దగ్గర చెమటలు పట్టాయి. అక్కడ నోట్లు తీసుకోరు, కార్డే. నా కార్డులో విదేశీ వాడకం ఆన్ చేసుకోలేదు. వెనక క్యూ, ముందు మిషన్ "డిక్లైన్డ్" అంటోంది, ఒకటే టెన్షన్. మా ఆవిడ కార్డు ఆదుకుంది. బయల్దేరే ముందు ఇంట్లోనే రెండు కార్డులు ఆన్ చేసుకోండి.

లోపల ఇప్పుడు ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి, అమ్మకి నడక తప్పింది. నేనూ మా ఆవిడా పెద్ద పిరమిడ్ లోపలికి వేరే టికెట్ తీసుకుని వెళ్లాం. నడుం వంచుకుని పాకినట్టు ఎక్కాలి, గాలాడదు, ఎదురుగా దిగేవాళ్లు. పైకి చేరితే ఒక ఖాళీ గ్రానైట్ గది, మూత లేని రాతి తొట్టె. గోడల మీద ఒక్క బొమ్మ లేదు. ఎప్పుడో 4,500 ఏళ్ల కిందట 23 లక్షల రాళ్లు పేర్చిన గుట్ట మధ్యలో నిలబడ్డామన్న ఊహకి ఒళ్లు జలదరిస్తుంది, నిజమే. ఆ ఊహ బయట నిలబడినా వస్తుంది. ఆ డబ్బు లక్సర్‌లో ఇంకో సమాధికి పెట్టుకుంటే కళ్ల నిండా రంగులు చూడొచ్చు.

2025 నవంబరులో పూర్తిగా తెరిచిన గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియం గీజా పక్కనే. దీనికి మాత్రం రోజంతా ఇచ్చేయండి. గుమ్మంలో 83 టన్నుల రెండో రామ్సెస్ రాజు విగ్రహం, పెద్ద మెట్ల వరుస పక్కనే కదిలే దారి. అమ్మ దాని మీద నిలబడి రాజులందరినీ పలకరించుకుంటూ పైకి వెళ్లింది. టుటంఖామున్ సమాధిలో దొరికిన 5,000కి పైగా వస్తువులు ఇప్పుడు ఒకేచోట ఉన్నాయి. బంగారు ముసుగు దగ్గర జనం ఎక్కువ, ఆ కుర్రరాజు చెప్పులు, చేతికర్రలు, మడత మంచం దగ్గర ఎవరూ ఉండరు. మేం అక్కడే ఎక్కువసేపు ఉన్నాం. రాజుల మమ్మీలు ఇక్కడ లేవు. 22 మమ్మీలని 2021లో ఊరేగింపుగా కైరోలోనే ఫుస్తాత్ అనేచోట ఉన్న మ్యూజియానికి తీసుకెళ్లారు. అక్కడ ఫొటోలు తియ్యనివ్వరు. అమ్మ రెండో గదికి వచ్చేసరికి "పడుకున్నోళ్లని ఇలా సూడకూడదురా" అని బయటికి వెళ్లి కూర్చుంది.

ఇక బక్షీసు. మాట మనదే, అర్థమూ అదే, వాడకం మాత్రం చాలా ఎక్కువ. కుర్చీ, దుకాణం, తారీఖు లాంటి మాటలు వాళ్ల నోట వింటుంటే చుట్టరికం అనిపిస్తుంది కానీ, బాత్రూం దగ్గర, బ్యాగు ముట్టుకుంటే, దారి చూపిస్తే, ఫొటో తీస్తే బక్షీసే. సమాధి కాపలావాడు కన్నుగీటి తాడు అవతలికి రమ్మంటాడు. వెళ్లకండి. చిన్న నోట్లు జేబునిండా పెట్టుకుంటే సగం చిరాకు పోతుంది. మేం వెళ్లినప్పుడు వాళ్ల పౌండు మన రెండు రూపాయలకి కాస్త తక్కువ ఉంది, లెక్క తేలికే. ఒంటె మాత్రం వద్దు. ఎక్కే ధర వేరు, దిగే ధర వేరు.

అస్వాన్ నుంచి అబూ సింబెల్ గుడికి తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరాలి, ఎడారిలో మూడున్నర గంటల ప్రయాణం. అమ్మని తీసుకెళ్లాలా వద్దా అని చివరిదాకా తటపటాయించాం. తీసుకెళ్లడమే మంచిదైంది. అస్వాన్ డ్యామ్ నీళ్లలో మునిగిపోతుందని 1964 నుంచి 1968 దాకా ఆ కొండగుడిని ముక్కలుగా కోసి, 65 మీటర్ల పైకి తెచ్చి మళ్లీ పేర్చారు. సాగర్ నీళ్లు రాకముందు నాగార్జునకొండ కట్టడాలు పైకి తెచ్చిన సంగతి చెప్పగానే అమ్మకి అర్థమైపోయింది. ఫిబ్రవరి 22న, అక్టోబరు 22న సూర్యకిరణాలు గర్భగుడి దాకా వెళ్తాయని గైడు గొప్పగా చెబుతుంటే, "మా అరసవల్లిలోనూ ఏడాదికి రెండుసార్లు పడతాయని సెప్పు" అంది. చెప్పాను. అతను అరసవల్లి స్పెల్లింగ్ అడిగి రాసుకున్నాడు.

నైలు ఓడ గురించి బ్రోషర్లు చెప్పని సంగతి ఒకటుంది. రేవులో ఓడలన్నీ పక్కపక్కనే అతికించి నిలబెడతారు. మన కిటికీ తెరిస్తే పక్క ఓడ కిటికీ, ఒడ్డుకి వెళ్లాలంటే నాలుగు ఓడల హాళ్లలోంచి నడవాలి. గది కోసం ఎక్కువ పెట్టకండి, పై డెక్కు బాగున్న ఓడ చూసుకోండి. అయినా ఈ తొమ్మిది రోజుల్లో అమ్మకి పూర్తి సుఖం ఇచ్చింది ఓడే. మంచం కదలకుండా గుళ్లే దగ్గరికొస్తాయి. కోమ్ ఓంబో గుడి రేవు పక్కనే, నడిచి వెళ్లింది. ఎడ్ఫులో గుర్రబ్బండ్ల బేరం చూసి బాధేసి ఆటో ఎక్కాం.

ఎస్నా దగ్గర లాకుల్లో ఓడ ఆగింది. చిన్న పడవలు చుట్టుముట్టాయి, కిందినుంచి గుడ్డల మూటలు డెక్కు మీదికి విసురుతున్నారు. ఒకటి అమ్మ ఒళ్లో పడింది. టేబుల్ గుడ్డ. ఆవిడ విప్పి, కుట్టు తిరగేసి చూసి, వెలుగుకి పట్టి, "ఆరొందలా!" అని కిందికి విసిరేసింది. వాడు మళ్లీ పైకి. ఈవిడ మళ్లీ కిందికి. భాష రాదు, ఇద్దరివీ వేళ్లే మాట్లాడుతున్నాయి. పూర్ణా మార్కెట్‌లో ముప్పై ఏళ్ల అనుభవం ఊరికే పోలేదు, రెండొందల యాభై పౌండ్లకి తెగింది. డబ్బులు అదే సంచిలో పెట్టి విసిరాం. పక్కన జర్మన్లు చప్పట్లు కొట్టారు.

లక్సర్‌లో గైడుకి డబ్బు పెట్టండి, కైరో మ్యూజియాల్లో అక్కర్లేదు. కర్నాక్ గుడిలో 134 స్తంభాల మధ్య చెప్పేవాడు లేకపోతే అరగంటలో కాళ్లు పీకి వచ్చేస్తాం. రాజుల లోయలో మామూలు టికెట్‌తో మూడు సమాధులు చూడొచ్చు. నాలుగో రామ్సెస్‌ది దాదాపు సమంగా ఉంటుంది, పెద్దవాళ్లకి అదే సరి. టుటంఖామున్‌ది వేరే టికెట్, చిన్న గది, అతనింకా అక్కడే పడుకుని ఉన్నాడు. లక్సర్ మీద ఎగిరే వేడిగాలి బెలూన్ ఎక్కలేదు, ఆ రోజు గాలి ఎక్కువని ఆపేశారు.

తిండికి ఇబ్బంది పడలేదు. అన్నం, పప్పు, మాకరోనీ, శనగలు, పైన వేయించిన ఉల్లిపాయలు కలిపిన కోషరీ మూడు పూటలు తిన్నాం. తామియా అంటే బఠాణీ వడకి దగ్గరి చుట్టం. మాంసం, గుడ్డు, పాలు లేనివి కావాలంటే "సియామీ" అని అడగండి, అక్కడి క్రైస్తవుల ఉపవాసపు వంట అది.

మళ్లీ వెళ్తే కైరోలో ఒక రాత్రి తగ్గించి అస్వాన్‌లో కలుపుతాను. అక్కడ ద్వీపం మీదున్న ఫిలే గుడికి పడవ దిగే మెట్లు అమ్మకి కష్టమయ్యాయి, ఆ మర్నాడే తెల్లవారుజామున లేపాం, అది తప్పు. మొత్తం మనిషికి లక్షా డెబ్భై వేలు దాటింది.

ఎస్నా గుడ్డ ఇప్పుడు మా డైనింగ్ టేబుల్ మీద ఉంది. మొదటి ఉతుకులోనే రంగు వదిలింది. గుడ్డది తప్పు కాదు, మీ సబ్బు మంచిది కాదంటుంది అమ్మ.