ఇనుప డబ్బాలో మూడేళ్లు

మొహం మీద చినుకు పడి మెలకువ వచ్చింది. బయట వాన లేదు, మబ్బు కూడా లేదు. రెండోది కనురెప్ప మీద పడ్డాక లైటు వేసి చూస్తే, పైకప్పు నిండా నీటి బొట్లు రేకు మడతల వెంట వరసకట్టి వేలాడుతున్నాయి. పాత షిప్పింగ్ కంటైనర్‌ని ఇల్లుగా మార్చుకుని అప్పటికి ఏడు నెలలైంది. ఆ ఏడు నెలలూ కనబడిన వాళ్లందరికీ నా ఇంటి గొప్ప చెప్పాను. ఈ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

అద్దె సగం జీతం మింగేస్తుంటే దీంట్లోకి వచ్చాను. అంతకుముందు గది పంచుకుని చూశాను. వ్యాన్‌లో ఉందామనీ ఆలోచించాను గానీ, ఇంజిన్ పాడైతే ఇల్లే షెడ్డుకి పోతుందని మానుకున్నాను. తెలిసిన పెద్దాయన తన ఖాళీ స్థలంలో ఒక మూల వాడుకోమన్నారు. సముద్రం మీద తిరిగి రిటైరైన 20 అడుగుల డబ్బా ఒకటి దొరికింది. కొలతలు, ధరలు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి అవి రాయను. నేను రాయాలనుకున్నది ఆ నీళ్ల గురించే.

మొదట కప్పుకి చిల్లు పడిందనుకుని వెల్డర్‌ని పిలిచాను. ఆయన మిట్టమధ్యాహ్నం లోపలికెళ్లి తలుపులు, కిటికీ మూయించి పది నిమిషాలు చీకట్లో నిలబడ్డాడు. సూది మొనంత చిల్లున్నా వెలుతురు కనబడుతుందట. (పాత కంటైనర్ కొనేటప్పుడు చేయాల్సిన పరీక్ష ఇదేనని కొన్నాక తెలిసింది.) బయటికొచ్చి, "చిల్లు లేదన్నా. అవి నువ్వు వదిలిన ఊపిరి నీళ్లే" అన్నాడు. జోక్ అనుకున్నాను.

కానీ నిజం. నిద్రలో మనిషి ఊపిరి, చెమట కలిపి ఒక గ్లాసు నీళ్ల దాకా గాల్లోకి వదులుతాడు. వంట గ్యాస్ సంగతి మరీ ఘోరం: కిలో గ్యాస్ మండితే కిలోన్నర నీళ్లు ఆవిరై గదిలో చేరతాయి. ఇటుక గోడైతే ఆ తేమను కొంత పీల్చుకుని మెల్లగా వదులుతుంది. ఇనుము పీల్చుకోదు, పైగా రాత్రి బయటి చలికి ఇట్టే చల్లబడుతుంది. గదిలో 25 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉంటే, రేకు 16 డిగ్రీలకు దిగేసరికి దాని మీద నీళ్లు కట్టేస్తాయి. నేనేమో చలికి కిటికీ బిగించి, లోపలే వండుకుని, ఉతికిన బట్టలు కూడా లోపలే ఆరేసుకునేవాణ్ణి. వాన నేనే కురిపించుకుంటున్నానన్నమాట.

తర్వాత చేసిన తప్పు ఇంకా పెద్దది. గోడలకి చెక్క పట్టీలు కొట్టి, మధ్యలో థర్మోకోల్ షీట్లు పెట్టి, పైన ప్లైవుడ్ బిగించాను. చవగ్గా అయిపోయింది, నీళ్లు కనబడటం ఆగింది. మళ్లీ అందరికీ గొప్ప చెప్పడం మొదలుపెట్టాను. ఏడాది తిరక్కుండానే మంచం పక్క గోడ నుంచి ముక్కవాసన. దుప్పటి ఎన్నిసార్లు ఉతికినా పోలేదు, పొద్దున లేస్తే తుమ్ములు. చివరికి ఒక ప్లైవుడ్ ముక్క ఊడదీస్తే వెనక నల్లగా బూజు, దాని కింద రేకు మీద పొక్కులు పొక్కులుగా తుప్పు. కంటైనర్ గోడ మడతలు మడతలుగా ఉంటుంది కదా, షీటుకీ రేకుకీ మధ్య సందులు మిగిలాయి. తేమగాలి ఆ సందుల్లోకి దూరి, చల్లటి రేకుకి తగిలి నీరవుతోంది. అంటే నీళ్లు ఆగలేదు, నాకు కనబడకుండా కారుతున్నాయి. పీకినవన్నీ బయట కుప్పపోసి దాని పక్కనే చాలాసేపు కూర్చున్నాను. డబ్బు కన్నా ఆదివారాలు పోయినందుకు ఎక్కువ ఏడుపొచ్చింది.

పని చేసింది స్ప్రే ఫోమ్, అంటే గోడ మీద పిచికారీ చేస్తే ఉబ్బి గట్టిపడే నురగ. అందులోనూ గాలి, తేమ దూరని గట్టి రకం. తుప్పు గీకి, రంగు వేసి, ఆరాక నేరుగా రేకు మీదే కొట్టించాలి, గాలికి చోటు మిగలకూడదు. కొట్టాక వాసన పోయేదాకా లోపల పడుకోకూడదు. అది నిప్పంటుకునే సరుకు కాబట్టి పైన బోర్డుతో కప్పాలి. అసలే ఇరుకు గదిలో వెడల్పు ఒక బెత్తెడు పైనే పోయింది. డబ్బా కొన్న ధరలో దాదాపు సగం దీనికే అయింది. "ఇల్లు చవగ్గా వచ్చింది" అని నేను చెప్పిన మాటల్లో ఈ సగం ఎప్పుడూ లేదు. దాంతోపాటు పొయ్యిని బయట రేకుల పంచ కిందికి మార్చాను, ఒక మూల కింద గాలి వచ్చే కంత, ఎదురు మూల పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించాను. బట్టలు లోపల ఆరేయడం మానేశాను.

ఫోమ్ వల్ల అనుకోని లాభం ఒకటి వచ్చింది. అంతకుముందు వానొస్తే డప్పు లోపల కూర్చున్నట్టుండేది, ఫోన్ మాట్లాడాలంటే అరవాల్సిందే. ఇప్పుడు వాన పడుతున్న సంగతి కిటికీలోంచి చూస్తే గానీ తెలియదు.

ఇక "కావాలంటే ఇంటిని ఎత్తుకుపోవచ్చు" అని మొదట్లో తెగ చెప్పుకున్నాను. ఎత్తుకుపోవాల్సిన రోజు రానే వచ్చింది. పెద్దాయన స్థలం అమ్మేశారు. క్రేన్ నాలుగు మూలల హుక్కులు పట్టి ఇంటిని గాల్లోకి లేపుతుంటే గర్వంగానే అనిపించింది. టక్‌మని శబ్దం వచ్చేదాకా. కిటికీ కోసం గోడని పెద్దగా కోయించి, చుట్టూ ఇచ్చిన ఇనుప ఫ్రేము సన్నంగా పెట్టించానట. ఎత్తేసరికి గోడ కొంచెం వంగి అద్దం పగిలింది. కొత్త చోట నేల ఒక మూల రెండు వేళ్లు పల్లంగా ఉంది, దానికే తలుపు పట్టేసింది. జాకీతో ఆ మూల లేపి కింద ఇనుప పలకలు పెట్టాక గానీ తెరుచుకోలేదు. పైగా క్రేను, ట్రెయిలర్ తిరగడానికి దారి ఉండాలి, తలమీద కరెంటు తీగలు ఉండకూడదు. ఇవన్నీ కుదిరిన చోటికే ఇల్లు వస్తుంది.

చిన్న సంగతులు రెండు. కంటైనర్ తలుపులకి గడియలు బయటే ఉంటాయి. లోపల మనిషి ఉండగా ఎవరైనా వేస్తే అంతే, కాబట్టి పక్క గోడకి మామూలు తలుపు పెట్టించుకునే లోపల పడుకోండి. అడుగున ఉండే ప్లైవుడ్‌కి పురుగుమందు పట్టించి ఉంటుంది. తలుపు మీది ప్లేటులో ఏ మందో రాసి ఉంటుంది, చదివాకే కొనండి. నేను ఆ ప్లైవుడ్‌ని గీకకుండా పైన సీలర్ (సందులు మూసే పూత) పూసి వినైల్ షీటు పరిచాను.

కొనమంటారా అని అడిగేవాళ్లకి నా పరిస్థితి చెప్తాను. నేను ఒక్కణ్ణే. పగలంతా పనిలో ఉంటాను. స్థలం మొదట ఉచితంగా దొరికింది, ఇప్పటిదానికీ అద్దె తక్కువే. అనుమతుల గొడవ రాలేదు, అది చోటుని బట్టి ఉంటుంది. ఈ నాలుగింట్లో ఏ ఒక్కటి లేకపోయినా గది పంచుకోవడమే నాకు చవక అయ్యేదేమో. ఇద్దరు మనుషులు, ఒక పిల్ల ఉంటే నేనైతే దీని జోలికి పోను, ఊపిరి లెక్కే తేలదు.

గోడకి చిన్న తేమ మీటరు తగిలించాను. ఈ చలికాలం రాత్రుళ్లు 55 శాతం దాటలేదు. అయినా మంచాన్ని ఆ మొదటి చినుకు పడ్డ చోటికి మళ్లీ జరపలేదు.