ఫ్రెంచివారికి వీడియో కాల్ ఇంగ్లీషు: ఒక ఆన్‌లైన్ పాఠక్రమంపై సమీక్ష

1962లో అమలులోకి వచ్చిన భారత్-ఫ్రాన్సు విలీన ఒప్పందం ప్రకారం యానాంలో ఫ్రెంచి పౌరసత్వాన్ని ఎంచుకున్న కుటుంబాల మూడో తరం ఎక్కువగా ఫ్రాన్సులోనే పెరిగింది. వారికి తెలుగు అంతంతమాత్రం, ఇక్కడున్న బంధువులం మాకు ఫ్రెంచి రాదు, కనుక వీడియో కాల్‌లో ఇరువైపులా ఇంగ్లీషే ఆధారం. కాల్‌లో సాంకేతిక ఇబ్బంది వస్తే ఇంగ్లీషులో ఏమనాలో ఫ్రెంచివారికి నేర్పే ఒక పాఠక్రమంలో మా పెదనాన్నగారి మనవరాలు చేరింది. దాని ఫలితాన్ని ఇవతలి వైపు నుంచి చూసినవాడిగా ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఫ్రెంచిలో ఆలోచించి ఇంగ్లీషులోకి మార్చడం వల్ల వచ్చే తప్పులను ఈ పాఠాలు బాగా పట్టుకున్నాయి. లోగడ ఆ అమ్మాయి "బాబాయ్, ఐ డోంట్ లిసన్ యూ" అన్నప్పుడల్లా, నీ మాట విననని మొండికేసినట్టు తోచి ఇంట్లో పెద్దలు నొచ్చుకునేవారు; ఇప్పుడు "ఐ కాంట్ హియర్ యూ" అంటోంది. మాట తెగిపోతుంటే "ఇట్ కట్స్" బదులు "యూ ఆర్ బ్రేకింగ్ అప్" అనీ, బొమ్మ కదలకుండా నిలిచిపోతే "యూ ఆర్ ఫ్రోజెన్" అనీ చెప్పడం అలవాటైంది.

అన్నిటికంటే నాకు నచ్చింది ప్రతిధ్వని గురించిన పాఠం. తన గొంతు తనకే తిరిగి వినిపిస్తుంటే లోపం సాధారణంగా తన దగ్గర ఉండదని, అవతలివారి స్పీకరులోంచి వచ్చిన శబ్దం వారి మైకులోకే మళ్లీ దూరుతోందని అందులో వివరించి, "కుడ్ యూ యూజ్ హెడ్‌ఫోన్స్?" అని అడగడం నేర్పారు. అరుగు మీద ఫోను స్పీకరులో పెట్టి నలుగురం చుట్టూ కూర్చునే మాకు ఆ చురక తగలవలసిందే.

లోపం మర్యాద దగ్గర ఉంది. మైకు ఆపి ఉందని చెప్పడానికి "ఐయామ్ సో సారీ టు ఇంటరప్ట్, బట్ ఐ థింక్ యువర్ మైక్ మైట్ బీ ఆన్ మ్యూట్" అనే వాక్యాన్ని బట్టీ పట్టించారు; వానాకాలంలో గోదావరి మీద మబ్బు కమ్మి నెట్‌వర్క్ నీరసించిన రోజున అందులో మాకు చేరింది "సారీ" ఒక్కటే. "యూ ఆర్ ఆన్ మ్యూట్" చాలదా? ఉచ్చారణనూ పైపైనే వదిలేశారు. ఫ్రెంచివారు హకారం పలకరు గనుక "హియర్" కాస్తా "ఇయర్" అవుతుంది, "కాంట్" చివరి టకారం కూడా జారిపోతే వినబడడం లేదన్న మాట వినబడుతోందన్నట్టు తిరగబడుతుంది. అటువంటప్పుడు "నో సౌండ్" అనడమే క్షేమం. అభ్యాసానికి ఇచ్చిన సంభాషణలన్నీ స్టూడియోలో స్వచ్ఛంగా రికార్డు చేసినవే. తెగిపోయే గొంతుతో ఒక్కటీ లేదు.

కరెంటు పోయినప్పుడు ఏమనాలో అసలు చెప్పనే లేదు. అయితే ఫ్రెంచిలోనూ విద్యుత్తును కరెంటుకు దగ్గర మాటతోనే పిలుస్తారట, మేము "కరెంట్ గాన్" అనగానే ఆమెకు అర్థమైపోయింది.

కొనదలచినవారు రికార్డు పాఠాల వరకే తీసుకోవడం మేలు. అదనపు రుసుము కట్టించుకునే ప్రత్యక్ష తరగతిలో అవే వాక్యాలను మళ్లీ చదివిస్తున్నారు, ఆ డబ్బు దండగ.