అమ్మ ఏనుగు మీద మావటి మళ్ళీ కూర్చున్నాడు: కొండపల్లి బొమ్మల కాలనీలో నా అనుభవం

మా ఇంట్లో బొమ్మల కొలువు దసరాకే. కృష్ణా జిల్లాలో చాలామంది సంక్రాంతికి పెడతారు, మా అత్తగారి వైపు కూడా అంతే. అమ్మ మాత్రం పాడ్యమి నుంచి దశమి దాకా దసరాకే పెట్టేది. పెళ్ళయి హైదరాబాద్ వచ్చాక నేనూ అదే పట్టుకున్నాను. 2025లో పాడ్యమి సెప్టెంబరు 22న వచ్చింది. వినాయకుణ్ణి సాగనంపి రెండు వారాలు దాటగానే కొలువన్నమాట. అందుకే ఆగస్టులోనే అటక మీది ట్రంకుపెట్టె దింపించాను.

పెట్టె తెరిచేసరికి గుండె జారిపోయింది. అమ్మ అంబారీ ఏనుగు మీద మావటి లేడు. పాత చీర మడతల్లో వెతికితే అడుగున దొరికాడు, కుడి చెయ్యి లేకుండా. ఏనుగు చెవి అంచు కూడా లేచిపోయింది. నేను పుట్టిన ఏడు, 1968లో, మా తాతగారు అమ్మకి కొనిచ్చిన బొమ్మ అది. మా కొలువులో పై మెట్టు మీద కలశం పక్కన మొదట పెట్టేది దాన్నే.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. టెన్షన్‌లో ఫోన్ తీసి ఒక వెబ్‌సైట్‌లో ‘కొండపల్లి అంబారీ ఏనుగు’ అని ఉన్నదాన్ని ఆర్డర్ పెట్టేశాను. నాలుగు రోజుల్లో వచ్చింది. చేతిలోకి తీసుకోగానే తేడా తెలిసిపోయింది. రాయిలా బరువు. పొట్ట కింద అచ్చు అతుకు గీత నిలువునా కనిపిస్తోంది. అసలది చెక్కే కాదు. కొండపల్లి బొమ్మని తెల్ల పొణికి చెక్కతో చేస్తారు. ఎంత పెద్ద బొమ్మయినా ఎత్తితే లోపల ఏమీ లేనట్టు తేలిగ్గా ఉంటుంది. మీరు ఎక్కడ కొన్నా ముందు చేత్తో ఎత్తి చూడండి. ఆ సైటు దాన్ని వెనక్కి తీసుకుంది కానీ ఒక వారం పోయింది.

ఇక లాభం లేదని విజయవాడలో మా చెల్లెలింటికి వెళ్ళి, అక్కణ్ణుంచి పొద్దున్నే కొండపల్లి బయల్దేరాం. ఇబ్రహీంపట్నం దాటాక దగ్గరే. ఖిల్లా ఉన్న కొండ కింద బొమ్మల కాలనీ. అరుగుల మీద సుద్ద పూసిన తెల్లటి గుర్రాలు, ఎడ్లు, ఆడవాళ్ళ తలలు వరసగా ఆరుతూ ఉంటాయి. ఇంట్లోనే పని, ఇంట్లోనే అమ్మకం. మేము రెండు మూడు ఇళ్ళు చూసి, ముందు గదిలో ఒకాయన కింద కూర్చుని పని చేసుకుంటున్న ఇంట్లోకి వెళ్ళాం. పండగ ముందు ఫోన్లు మోగుతుంటే పని సాగదని ఆయన తన పేరు, నంబరు ఎక్కడా పెట్టొద్దన్నారు. అందుకని రాయడం లేదు.

ఏనుగుని ఆయన చేతికిచ్చి, “అన్నయ్యగారూ, ఇది బాగవుతుందా?” అని అడిగాను. ఆయన వెంటనే జవాబివ్వలేదు. దుమ్ము ఊది, గోటితో పొట్ట మీద తట్టి, చెవి దగ్గర లేచిన పొరని బొటనవేలితో నొక్కి చూశారు. మావటిని అరచేతిలో పెట్టుకుని వెలుతురు వైపు తిప్పారు. “చెక్క గట్టిగానే ఉందమ్మా, పురుగు పట్టలేదు. చెయ్యి చేస్తాను, చెవి కడతాను. రంగు మాత్రం అంతా వెయ్యమనకండి. వేస్తే కొత్తదవుతుంది, మీ అమ్మగారిది కాకుండా పోతుంది” అన్నారు.

ఆ మాటతో ఆ ఇంటి మీద నాకు పూర్తి నమ్మకం కుదిరింది. కొత్తది కొనుక్కోండని ఆయన అనొచ్చు. పక్కనే గూట్లో మూడు కొత్త అంబారీలు ఉన్నాయి కూడా.

మేం చూస్తుండగానే పని మొదలుపెట్టారు. అగ్గిపుల్లలో సగం ఉండే పొణికి ముక్క తీసుకుని ఉలితో రెండు గాట్లు పెట్టి, ఆకురాయితో రుద్దారు. మోచెయ్యి వంపు వచ్చేసింది. అంకుశం పట్టుకునే పిడికిలి దగ్గర మాత్రం చాలాసేపు ఆగారు, రెండుసార్లు మావటి భుజానికి ఆనించి చూసుకున్నారు. ఈలోగా వాళ్ళావిడ చిన్న గిన్నెలో మక్కు కలిపారు. చింతపిక్కల పొడి ఉడికించిన జిగురులో రంపపు పొట్టు కలిపితే అదే మక్కు. తడి చెక్క వాసనకి కాస్త పులుపు తోడైనట్టు ఉంటుంది. కొండపల్లి బొమ్మలో కాళ్ళు, చేతులు, తల విడివిడిగా చెక్కి ఈ మక్కుతోనే అతుకుతారు, వంపులు కూడా దీంతోనే తీరుస్తారు. ఆవిడ చిటికెడు తీసి వేళ్ళ మధ్య పాముతూ చెవి అంచుకి అద్దారు. చూస్తుండగానే అతుకు కనపడకుండా పోయింది. ఆ తర్వాత అది నీడన ఆరాలి, సుద్ద పట్టించాలి, అది ఆరాక రంగు. మేక వెంట్రుకల కుంచెతో వేస్తారు. రెండు రోజులాగి రమ్మన్నారు.

రెండో రోజు సాయంత్రం వెళ్తే మావటి ఏనుగు మెడ మీద కూర్చుని ఉన్నాడు. కొత్త చేతికి వేసిన రంగుని పాత ఒంటి రంగుకి కలిసేలా కాస్త మాసినట్టు చేశారు. నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్న ఆ ముఖం, ఎడమ కన్ను కొంచెం పెద్దగా ఉండే ఆ ముఖం, అలాగే ఉంది. దానికి ఆయన తీసుకున్నది నూట యాభై రూపాయలు. నేను ఇంకో వంద ఇస్తే, “బోణీ బేరం కాదు కదమ్మా” అని నవ్వి వెనక్కి ఇచ్చేశారు.

కొలువులోకి ఏటా ఒక కొత్త బొమ్మ రావాలని మా ఇంటి ఆనవాయితీ. ఈసారి దశావతారాల సెట్టు తీసుకున్నాను, పద్దెనిమిది వందలు. చెల్లెలు ఎడ్లబండి కొనుక్కుంది. నా మనవరాలికి ఐదేళ్ళు, దానికోసం తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుణ్ణి తీసుకున్నాను. దశావతారాల్లో నరసింహస్వామి ముఖం చాలా బాగా కుదిరింది. కోపం కళ్ళలోనే ఉంది, నోరు పెద్దగా తెరిచి భయపెట్టలేదు. బుద్ధుడి చెవులు మాత్రం తొందరలో చేసినట్టు ఒకటి పైకి, ఒకటి కిందికి ఉన్నాయి. కొనేముందు ప్రతి బొమ్మనీ నాలుగు వైపులా తిప్పి చూసుకోండి. చేత్తో చేసినవి కాబట్టి ఒక సెట్టుకీ ఇంకో సెట్టుకీ తేడా ఉంటుంది. మీకు నచ్చిన ముఖం ఉన్నది ఏరుకోమని వాళ్ళే అంటారు.

లోపం ఒక్కటే, ప్యాకింగ్. పాత న్యూస్‌పేపర్‌లో చుట్టి ప్లాస్టిక్ సంచిలో పెట్టేశారు. హైదరాబాద్ వచ్చి విప్పితే మత్స్యావతారం తోక మీది రంగు ఇంకా పచ్చిగానే ఉండి పేపరు అక్షరాలు అంటుకున్నాయి. ఫోన్ చేస్తే ఆయన చాలా బాధపడ్డారు, పంపిస్తే సరిచేస్తానన్నారు. చెల్లెలి ద్వారా పంపాను, డబ్బులు తీసుకోకుండా వేసిచ్చారు. అయినా పండగ ముందు ఇంకో తిరుగుడు తప్పలేదు. పండగకి నెల ముందే వెళ్తే రంగులు ఆరిన సరుకు దొరుకుతుంది. వెళ్ళేటప్పుడు ఒక గట్టి అట్టపెట్టె, రెండు పాత నూలు చీరలు పట్టుకెళ్ళండి.

చిన్నపిల్లలు రోజూ ఆడుకోవడానికైతే మాత్రం కొండపల్లి వద్దు, ఏటికొప్పాక కొనండి. అవి అంకుడు కర్రని తిప్పుతూ లక్క పట్టించి, మొగలి ఆకుతో మెరుగు పెట్టినవి. గుండ్రంగా, నున్నగా ఉంటాయి, మూలలు గుచ్చుకోవు. 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటం వాటి మీదే. కొండపల్లి బొమ్మ కొలువులో కూర్చునేది. కిందపడితే చెయ్యి పోతుంది, మా మావటికి జరిగిందే జరుగుతుంది.

మా కొలువు ఈసారి ఏడు మెట్లు. మనవరాలు పళ్ళెంలో మట్టి పోసి ఆవాలు, మెంతులు చల్లింది. నాలుగో రోజుకి మొలకలు వచ్చి పొలం తయారైంది. చేతి అద్దం పెట్టి చెరువు చేసింది, అగ్గిపెట్టెలతో ఇళ్ళు కట్టింది. గట్టు మీద తాటిచెట్టు, దాని మీద గీత కార్మికుడు. మా కోడలిది హనుమకొండ. తంగేడు, గునుగు తెచ్చి బతుకమ్మ పేర్చి కొలువు ముందే పెడుతుంది. సాయంత్రం పేరంటానికి వచ్చినవాళ్ళు శనగలు, తాంబూలం తీసుకుని, బతుకమ్మ చుట్టూ ఒక పాట తిరిగి వెళ్ళేవారు. చాలామంది ఆ మావటి దగ్గర ఆగారు. కొత్త చెయ్యి ఏదో చెప్పమంటే ఒక్కరూ సరిగ్గా చెప్పలేకపోయారు.

పదికి తొమ్మిది మార్కులు వేస్తాను. ఒకటి ప్యాకింగ్‌కి పోయింది. బొమ్మ పాతబడిందని పారేయకముందు ఒక్కసారి ఆ కాలనీకి తీసుకెళ్ళండి. ముక్కలు ఉంటే చాలు, అన్నీ ఏరి ఒక గుడ్డలో మూట కట్టండి. ధర దగ్గర గీచి గీచి బేరం ఆడకండి. ఆ పిడికిలి కోసం ఆయన ఎంతసేపు ఆగారో నేను చూశాను.

కొలువు ముగిసిందన్న గుర్తుగా దశమి రాత్రి ఒక బొమ్మని పడుకోబెట్టాలి కదా, ఏనుగుని పెద్దది కాబట్టి వద్దనుకుని మావటినే పడుకోబెడదామంది మనవరాలు. వాడు మెడకి అతుక్కుని ఉన్నాడే అంటే, అయితే ఏనుగుతో సహా అంది. అలాగే చేశాం. మర్నాడు అన్నీ గుడ్డలో చుడుతుంటే గంగిరెద్దు కొమ్ము కదులుతూ కనిపించింది. దాన్ని ట్రంకులో పెట్టలేదు. బీరువాలో నా చీరల పక్కన ఉంది, వచ్చే ఆగస్టులో కొండపల్లికి.