రామా ముందా, సొలారిస్ ముందా?

క్లాసిక్ స్పేస్ ఫిక్షన్‌లో గ్రహాంతర జీవులు ఎదురయ్యే నవల ఒక్కటే చదవాలంటే ఏది చదవాలి? ఈ మాట అడగని స్నేహితులు నాకు తక్కువ. ఎటు తిరిగినా చర్చ చివరికి రెండు పుస్తకాల దగ్గరికే వస్తుంది: ఆర్థర్ సి. క్లార్క్ 1973లో రాసిన 'రెండెవూ విత్ రామా', పోలిష్ రచయిత స్టానిస్లావ్ లెమ్ 1961లో రాసిన 'సొలారిస్'. ఇదివరకు జవాబు చెప్పడానికి తడబడేదాన్ని. ఈమధ్య రెండూ వెంటవెంటనే మళ్ళీ చదివాక ఆ తడబాటు పోయింది. కథలు తెలుసనే అనుకుని రాస్తున్నాను కాబట్టి మలుపులేవీ దాచడం లేదు.

రామాలో నన్ను కట్టిపడేసేది లెక్క. రామా అంటే ఎక్కడినుంచో మన సౌరకుటుంబంలోకి వచ్చిన, గ్రహాంతర జీవులు కట్టిన లోకం. లోపలి వ్యాసం 16 కిలోమీటర్లున్న బోలు స్తూపం (సిలిండర్), తన చుట్టూ తాను 4 నిమిషాలకో చుట్టు తిరుగుతూ ఉంటుంది. దాన్ని పరిశీలించడానికి వెళ్ళిన కమాండర్ నార్టన్ బృందం మధ్య ఇరుసు దగ్గర లోపలికి అడుగుపెడుతుంది. లోపల బరువు పుట్టేది ఆ తిరుగుడు వల్లే కాబట్టి ఇరుసు దగ్గర బరువే ఉండదు. మెట్లు దిగుతున్నకొద్దీ ఒంటికి బరువు తెలుస్తుంది, నేల మీదికి చేరేసరికి భూమ్మీది బరువులో సగం దాటుతుంది. కాగితం, పెన్సిల్ ఉంటే ఆ లెక్క మనమే వేసుకోవచ్చు, సరిగ్గా వస్తుంది కూడా. నేను వేసి చూశాను.

అంతకన్నా గొప్పగా అనిపించేది సముద్రపు గట్టు. రామా లోపల నడుమన పట్టీలాగా గుండ్రంగా చుట్టుకున్న సముద్రం ఉంటుంది. ఉత్తరపు ఒడ్డున గట్టు ఎత్తు 50 మీటర్లు, దక్షిణాన 500 మీటర్లు. ఎందుకీ తేడా? ఈ లోకం మొత్తం ఉత్తరం వైపు వేగం పుంజుకుంటే నీళ్ళు దక్షిణపు ఒడ్డుకి ఎగదన్నుతాయి. వాటిని ఆపడానికే అంత గోడ. అంటే ఇది ఊరికే కొట్టుకొస్తున్న శిథిలం కాదు, ఇప్పటికీ కదలగల నౌక. గట్టు ఎత్తు చూసి ఇంజన్ ఉందని పసిగట్టడం! పరిశోధన అంటే ఏమిటని పిల్లలెవరైనా అడిగితే నేను ఈ గట్టు కథే చెబుతాను.

నార్టన్ ఇంటి సంగతులు మాత్రం పుస్తకం మూయగానే మర్చిపోతాం. అందులో మనుషులు చూడడానికి, కొలవడానికే ఉంటారు. బుధగ్రహం మీద స్థిరపడ్డ మనుషులు రామా అంటే భయంతో పంపిన బాంబును నార్టన్ బృందంలోని రోడ్రిగో నిర్వీర్యం చేసే ఘట్టం ఒక్కటే మనసును కాస్త పట్టి ఊపుతుంది.

ఇక సొలారిస్. ప్రాణమున్న సముద్రం కమ్ముకున్న గ్రహం పేరది. అక్కడి పరిశోధన స్టేషన్‌లో అడుగుపెట్టిన కొద్దిసేపటికే శాస్త్రజ్ఞుడు కెల్విన్‌కి అక్కడ ఉండే అవకాశమే లేని మనిషి కనిపిస్తుంది. తనకు మతి పోయిందేమోనని అనుమానం. దాన్ని తేల్చుకోవడానికి అతను చేసే పని చూడండి. గ్రహం చుట్టూ తిరుగుతున్న ఉపగ్రహాన్ని దాని స్థానం తాలూకు అంకెలు అడుగుతాడు. వచ్చిన కాగితం చూడకుండా పక్కన పెట్టేసి, అవే అంకెలను విడిగా తను లెక్క కడతాడు. తర్వాత రెండూ పోల్చి చూస్తాడు. తన బుర్ర కల్పించుకున్నవైతే ఆ దశాంశాలు కలవవు. కలుస్తాయి. మామూలుగా ఐతే ఊరట కలగాలి. కానీ పిచ్చి లేదని రుజువైందంటే కళ్ళతో చూసిందంతా నిజమన్నమాటే! ఒక ప్రయోగం ఫలితానికి నాకు ఒళ్ళు జలదరించింది ఈ నవలలోనే.

నాకు సంబంధించినంతవరకు తూకం తేల్చేది ఒకే విషయం: అవతలి నుంచి జవాబు రానప్పుడు శాస్త్రజ్ఞుడు ఏం చేస్తాడు? రామాలో జవాబు దొరకనిది టైమ్ చాలక. నౌక సూర్యుడి దగ్గర శక్తి నింపుకుని, మన ఉనికినే పట్టించుకోకుండా వెళ్ళిపోతుంది. ఇంకో ఏడాది దొరికుంటే అన్నీ తేలిపోయేవన్న నమ్మకం చెక్కుచెదరదు. సొలారిస్‌లో టైమ్‌కి కొదవ లేదు. తరాల తరబడి పరిశోధించారు. ఆ జీవసముద్రం పైకి లేపే ఆకారాలకు మిమాయిడ్లు, సిమెట్రియాడ్లు అని పేర్లు పెట్టి, వర్గాలుగా విడగొట్టి, లైబ్రరీ నింపేశారు. వర్ణనలు ఖచ్చితంగా ఉంటాయి, కారణం మాత్రం ఒక్కదానికీ దొరకదు. మొదటిసారి చదివినప్పుడు ఆ లైబ్రరీ అధ్యాయాలు విసుగనిపించి పేజీలు తిప్పేశాను. ఈసారి వాటి కోసమే ఆగాను. అర్థం కాదని తెలిసి కూడా కొలతలు తీస్తూనే ఉన్న మనుషులు వాళ్ళు, వాళ్ళ మీద నాకు విపరీతమైన గౌరవం కలిగింది. రామాని రెండోసారి చదివితే ఆశ్చర్యం కొంత తగ్గింది, సొలారిస్‌ని చదివితే లోతు పెరిగింది.

మిగతావాటి గురించి క్లుప్తంగా. హెచ్.జి. వెల్స్ 'వార్ ఆఫ్ ది వరల్డ్స్' (1898) దండయాత్ర కథ, అన్వేషణ కాదు. ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయిల్ రాసిన 'బ్లాక్ క్లౌడ్' (1957) బాగుంటుంది, శాస్త్రజ్ఞుల వాదనలు ఇష్టమైతే చదవండి. కార్ల్ సేగన్ 'కాంటాక్ట్' (1985) ప్రధాన సంఖ్యల సిగ్నల్ దగ్గర అద్భుతంగా మొదలవుతుంది.

సొలారిస్ కొనేటప్పుడు అనువాదం చూసుకోండి. 1970లో వచ్చిన ఇంగ్లీష్ ప్రతి పోలిష్ నుంచి కాదు, ఫ్రెంచ్ నుంచి చేసింది. లెమ్‌కి అది నచ్చలేదు. అందులో కథానాయిక హారీ పేరు రేయా అయిపోయింది. నేరుగా పోలిష్ నుంచి చేసిన బిల్ జాన్‌స్టన్ అనువాదం 2011లో వచ్చింది, అదే తీసుకోండి.

ఈ తరహా కథలు కొత్తయితే ముందు రామా చదవండి, చేయి పట్టుకుని నడిపిస్తుంది. ఒక్కటే చదువుతానంటే మాత్రం సొలారిస్. చివర్లో కెల్విన్ ఒడ్డున నిలబడి చేయి చాపుతాడు. అల వచ్చి, గాలి పొరంత ఎడం వదిలి, చేతిని తాకకుండా దాని చుట్టూ ఒదుగుతుంది. మళ్ళీ మళ్ళీ చాపుతాడు. కొన్నిసార్లయ్యాక అల ఇక రాదు.