పద్మిని తాళాలు ఎవరికివ్వాలి? ఏళ్ల వాడకం మీద సమీక్ష

గేరు లివర్ స్టీరింగ్ పక్కనే ఉండే పాతకాలం కారు ప్రీమియర్ పద్మినిని రోడ్డెక్కిస్తే రెండు ప్రశ్నలు తప్పవు. సిగ్నల్ దగ్గర పక్క బండాయన అద్దం దించి "అమ్ముతారా?" అంటాడు. ఇంటికి రాగానే చుట్టాల్లో ఎవరో ఒకరు "ఒక్క రౌండు కొట్టొస్తా" అంటారు. మొదటిదానికి నవ్వి ఊరుకుంటే సరి. రెండోదానికి వాడే జవాబుల్లో ఏది పనిచేస్తుందో, ఏది బెడిసికొడుతుందో చూద్దాం.

అందరూ వాడేది "ఇన్సూరెన్సు ఒప్పుకోదు". ఇది చెప్పకండి, అబద్ధం. ప్రైవేటు కారు పాలసీలో డ్రైవర్ క్లాజు చదివితే తెలుస్తుంది: చెల్లే లైసెన్సు ఉన్న ఎవరు నడిపినా పాలసీ నిలుస్తుంది. ఆ సంగతి తెలిసినవాడు ఎదురైతే పరువు పోతుంది. అసలు నిజమే అంతకంటే గట్టి జవాబు. పాత బండ్లలో చాలావాటికి ఉండేది థర్డ్ పార్టీ ఒక్కటే, అంటే ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికే బీమా. మడ్‌గార్డు సొట్టపడితే పైసా రాదు. పాలసీలో ఓనర్-డ్రైవర్‌కు ఉండే 15 లక్షల ప్రమాద బీమా తాళాలు పట్టుకెళ్లిన బావమరిదికి వర్తించదు. లైసెన్సు లేనివాడి చేతికి బండిస్తే మోటారు వాహనాల చట్టం 180వ సెక్షన్ కింద 5,000 రూపాయల జరిమానా గానీ, 3 నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడేది ఓనరుకే. ఇంటర్ చదివే, పద్దెనిమిదేళ్లు నిండని మేనల్లుడి చేతికిస్తే 199ఎ సెక్షన్: 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు, పైగా 12 నెలలు రిజిస్ట్రేషన్ రద్దు. వాడితో చర్చ అక్కడితో అయిపోతుంది.

లైసెన్సుండి, చేయి తిరిగిన డ్రైవర్ అడిగితేనే చిక్కు. అతను పవర్ స్టీరింగ్‌కీ, డిస్క్ బ్రేకులకీ అలవాటు పడ్డవాడు. ఈ బండికి నాలుగు చక్రాలకూ పాతరకం డ్రమ్ము బ్రేకులే, పాత మోడళ్లలో కాలి బలాన్ని పెంచే బూస్టర్ కూడా లేదు. కొత్త బండిలో వేసినంత మెత్తగా బ్రేక్ వేస్తే ముందున్న ఆటోకి తగిలించడమే. రెండో ప్రమాదం మొదటి గేరు. దానికి సింక్రో, అంటే బండి కదులుతుండగా గేరు సాఫీగా పడేలా చేసే ఏర్పాటు, లేదు. బండి పూర్తిగా ఆగకముందే, స్పీడ్ బ్రేకర్ దగ్గర మనవాడు అలవాటుగా ఫస్టులోకి లాగుతాడు. గర్రుమంటుంది. గేరు పడలేదని ఇంకా గట్టిగా తోస్తాడు. అలా నాలుగుసార్లు జరిగితే పళ్లు అరగడం ఒక్కటే కాదు, స్టీరింగ్ కింద గేరు రాడ్ల బుష్షులు కూడా లూజవుతాయి. ఆ తర్వాత గేరు ఎక్కడుందో మీకే దొరకదు.

మూడోది చోక్, అంటే చల్లని ఇంజన్‌కు పెట్రోలు పాలు పెంచే నాబ్. పొద్దున స్టార్ట్ చేయడానికి లాగిన నాబ్‌ను లోపలికి నెట్టడం మర్చిపోతారు. నల్లపొగ, పెట్రోలు వాసన, ప్లగ్గులకు మసి. "బండి కొట్టుకుంటోంది మామయ్యా" అని ఫోనొస్తే మొదట అడగాల్సింది ఆ నాబ్ గురించే. మే నెల ఎండలో ఇంజన్ పక్కన ఉన్న పెట్రోల్ పంపు వేడెక్కి, లోపల పెట్రోలు ఆవిరై బండి ఆగిపోతే సెల్ఫు కొట్టీ కొట్టీ బ్యాటరీ దించేస్తారు. పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగితే చాలన్న సంగతి వాళ్లకు తెలియదు.

అందుకే "ఇవ్వను" అనకుండా "రా, నేర్పిస్తా" అనడమే బాగా పనిచేసింది. ఆదివారం పొద్దున ఖాళీ గ్రౌండు, పక్క సీట్లో మీరు, ఇరవై నిమిషాలు. ఇంజన్ ఆపి ఉండగానే గేర్లు పదిసార్లు వేయించండి. తర్వాత గంటకు 20 కిలోమీటర్ల వేగంలో మూడుసార్లు పూర్తిగా ఆపించండి, బ్రేక్ మీద ఎంత బలం పెట్టాలో కాలికే తెలుస్తుంది. క్లచ్ మీద కాలు ఆనించి ఉంచితే తీయమని అప్పుడే చెప్పండి. సగం మందికి ఇక్కడే సరదా తీరిపోతుంది. మిగిలినవాళ్లకు, మీరు పక్కనుంటే, ఊరి బయటి రోడ్డు ఇవ్వొచ్చు.

పెళ్లికి మాత్రం తాళాలు ఇవ్వొద్దు. "బండి వస్తుంది, డ్రైవర్ నేనే" అనండి, ఎవరూ నొచ్చుకోరు. బరాత్ అంటే గంటసేపు క్లచ్ సగం నొక్కి ఉంచి మనిషి నడక వేగం. ఫ్యాను ఇంజన్ బెల్టుతోనే తిరుగుతుంది కాబట్టి ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు గాలి చాలదు, రేడియేటర్ మరుగుతుంది. బ్యాండు ఆగినప్పుడల్లా ఇంజన్ ఆపేయాలి. డిక్కీలో ఐదు లీటర్ల నీళ్లుండాలి, మరుగుతున్న రేడియేటర్ మూత తీయకూడదు. దండలను బంపర్లకు పురికొసతో కట్టించండి. బానెట్ మీద సెల్లోటేపు అతికిస్తే, పీకేటప్పుడు పాత పెయింటు దాంతోపాటే లేచి వస్తుంది.