పారిస్ మాస్టర్స్ టెన్నిస్‌కి వెళ్తే సోమవారం దిగండి

శుక్రవారం క్వార్టర్‌ఫైనల్‌లో స్పెయిన్ ఆటగాడు అల్కరాజ్‌ని చూద్దామని నెలల ముందే టికెట్ కొన్నవాళ్లకి 2025లో చేతి చమురు వదిలింది. టాప్ సీడ్ కాబట్టి మొదటి రౌండ్ బై, అంటే ఆడకుండానే రెండో రౌండ్‌కి. మంగళవారం కోర్టులో దిగాడు, బ్రిటన్ ఆటగాడు నోరీ చేతిలో ఓడి ఆ రోజే ఇంటిదారి పట్టాడు. టికెట్ మీద రోజు, సీటు ఉంటాయి తప్ప ఆటగాడి పేరుండదు. పిల్లల్ని అతని పేరు చెప్పి తీసుకెళ్లినవాళ్ల అవస్థ అడక్కండి.

కాబట్టి డబ్బు వారం మొదట్లోనే పెట్టండి. సోమ, మంగళవారాల్లో చాలా కోర్టుల్లో ఆటలుంటాయి, డబుల్స్ దగ్గర జనం పలచన. డబుల్స్‌లో అడ్వాంటేజ్ ఉండదు, 40-40 అయితే తర్వాతి పాయింట్‌తోనే గేమ్ తేలిపోతుంది, మూడో సెట్‌కి బదులు 10 పాయింట్ల టైబ్రేక్, విసుగు పుట్టే వీల్లేదు. 2011, 2012ల్లో ఇక్కడే డబుల్స్ టైటిల్ కొట్టిన మన రోహన్ బోపన్న కెరీర్ చివరి మ్యాచ్ కూడా ఈ టోర్నీలోనే, 2025 మొదటి రౌండ్లో. ఆ టైబ్రేక్ 8-10తో పోయింది. శుక్రవారం దాకా ఆగినవాళ్లకి అదీ దక్కలేదు.

సోమవారం దిగడంలో ఇంకో లాభముంది. పారిస్ మెట్రో, రైళ్లు, బస్సులకి పనికొచ్చే నావిగో వారం పాస్ సోమవారం నుంచి ఆదివారం దాకానే చెల్లుతుంది, టోర్నీ రోజులూ అవే. 2025 ధరల్లో పాస్ 31.60 యూరోలు, కార్డు 5, మొత్తం 36.60. విమానాశ్రయం కూడా ఇందులోనే. అవే ధరల్లో టికెట్లు విడిగా కొంటే విమానాశ్రయానికి రానుపోను 26, రోజుకి రెండు చొప్పున 12 ప్రయాణాలకి 30, ఆ టికెట్లు వేసుకునే ఈజీ కార్డుకి 2, అంటే 58. ఆదివారమే దిగితే పాస్ ఇంకా మొదలవదు, విమానాశ్రయం టికెట్‌కి 13 యూరోలు అదనం. వారం పాస్ కార్డుకి 25×30 మి.మీ. ఫొటో కావాలి, ఇంట్లోనే కత్తిరించి తెచ్చుకోండి. ఈజీ కార్డు కొనేవాళ్లు తలకొకటి కొనాల్సిందే, ఇద్దరికి ఒక్కటి చెల్లదు. బస్సు టికెట్ వేరు, అదే టికెట్‌తో మెట్రో ఎక్కలేరు.

2025 నుంచి ఆట పాత వేదిక బెర్సీలో కాదు, పారిస్ పక్కనే నాంటెర్‌లోని లా డెఫాన్స్ అరీనాలో. 2024 ఒలింపిక్ ఈత పోటీలు జరిగింది ఈ హాల్లోనే. సెంటర్ కోర్టు 17,500 సీట్లంటే, పై వరుసల్లో కళ్లు బంతి మీద కంటే స్క్రీన్ మీదే ఉంటాయి. లా డెఫాన్స్ (గ్రాండ్ ఆర్చ్) స్టేషన్ నుంచి పది నిమిషాల నడక.

ఆ స్టేషన్‌కి వెళ్లే మెట్రో 1 లేదా ఆర్‌ఈఆర్ ఎ (శివారు రైలు) దారిలో బస చూసుకోండి. అరీనా పక్కనంతా ఆఫీసులే, హోటల్ రేట్లు శని, ఆదివారాల్లో దిగుతాయి, మామూలు రోజుల్లో మండుతాయి. రాత్రి సెషన్‌కి వెళ్తే మాత్రం గడియారం చూసుకోండి. 2023లో ఇటలీ ఆటగాడు సిన్నర్ మ్యాచ్ తెల్లవారుజామున 2:37కి ముగిసింది. మామూలు రోజుల్లో మెట్రో దాదాపు 1:15కే ఆగిపోతుంది.